ఊరి కావలిలో మన వంతు

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. మేము అంత ఆలస్యం చేయలేదు. మూడు వారాలకే మొరిగాము.

కిందటి ఏడు కాదు, అంతకు ముందు ఏడు మా సంఘం దీపావళి సంబరాలు హైస్కూలు ఆడిటోరియంలో జరిగాయి. పిల్లల నృత్యాలు, పెద్దల నాటిక, చివర పులిహోర, బొబ్బట్లు. ఊళ్ళో ఉన్న మన వాళ్ళలో ముప్పాతిక మంది అక్కడే ఉన్నారు. ఆ సంగతి మనకే కాక ఇతరులకు కూడా తెలుసు. కార్యక్రమం తేదీ, వేళ, చోటు నెల రోజులుగా ఫేస్‌బుక్ మీద మేమే చాటింపు వేశాము కదా! ఆ సాయంత్రం ఒకే వీధిలో మన వాళ్ళ ఇళ్ళు రెండు దోచారు. టీవీ ముట్టలేదు, కంప్యూటర్ ముట్టలేదు. తిన్నగా పడకగది బీరువాకు, పూజగదికి, వంటింటి బియ్యం డబ్బాకు వెళ్ళారు. మనం బంగారం ఎక్కడ దాస్తామో మనకంటె వాళ్ళకే బాగా తెలుసుననిపించింది. ఒక ఇంట్లో పోయినది అమ్మమ్మగారి కాసులపేరు. ఇన్సూరెన్సు వాళ్ళు తూకానికి డబ్బు కట్టి ఇచ్చారు. కాసులపేరు మాత్రం తిరిగి రాలేదు.

ఇది మా ఒక్క ఊరి గోడు కాదు. 2011 నుంచి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాలలో ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరి దోచిన ముఠా ఒకటి ఉండేది. ఆ ముఠా నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 సంవత్సరాల శిక్ష వేసింది. మన బంగారం సంగతి దేశమంతా తెలిసిపోయిందన్న మాట.

సరే, మూడు వారాల తరువాత లైబ్రరీ గదిలో అందరం చేరాము. ఎవరికి తోచింది వారు చెప్పారు. కెమెరాలు పెట్టిద్దామన్నారు ఒకరు. కుక్కను పెంచుదామన్నారు ఇంకొకరు. ఇంతలో వెనక వరుసలోంచి ఒక ఇల్లాలు లేచి, "మనం పోలీసు స్టేషనుకు వెళ్ళి, మీకు మా వల్ల ఏమి సాయం కావాలని అడిగితే ఎలా ఉంటుందండీ?" అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. తరువాత ఒక పెద్దాయన, "అమ్మాయ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాళ్ళకు జీతాలిస్తున్నది మన పన్నులతోనే కదా!" అన్నారు. అందరూ నవ్వారు. కాని ఆవిడ కూర్చోలేదు. ఈ వ్యాసం ఆవిడ కూర్చోకపోవడం వల్ల పుట్టినదే.

పోలీసంటే మనకెందుకు భయం?

ముందు మన సంగతి మనం ఒప్పుకోవాలి. పోలీసు స్టేషను గడప తొక్కకుండా బతుకు వెళ్ళిపోవాలని మన ఇళ్ళలో పెద్దలు కోరుకునేవారు. అన్నం తినని పిల్లలకు బూచాడి తరువాత పోలీసునే చూపించేవాళ్ళం. ఆ భయానికి కారణం లేకపోలేదు. మన దేశంలో పోలీసు వ్యవస్థకు పునాది వేసినది 1861 నాటి చట్టం. 1857 తిరుగుబాటు చెలరేగిన నాలుగేళ్ళకు, మళ్ళీ అటువంటిది రాకుండా చూసుకోవడానికి తెల్లవారు చేసుకున్న ఏర్పాటు అది. జనాన్ని కాపాడడం కంటె జనం మీద కన్ను వేసి ఉంచడమే దాని పని. అంతకు ముందు మన పల్లెల్లో తలారి ఉండేవాడు. అతను ఊరివాడు. ఎవరి గేదె ఎక్కడ మేస్తోందో, ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో అతనికి తెలుసు. ఊరు పెట్టిన గింజలతో బతికేవాడు, ఊరికి జవాబు చెప్పుకునేవాడు. తలారిని పలకరించిన నోటితోనే మనం ఇన్‌స్పెక్టరును పలకరించలేకపోయాము.

ఈ దేశంలో ఏర్పాటు వేరు. మనకు రాష్ట్రానికి ఒక పోలీసు శాఖ ఉంటే, ఇక్కడ ఊరి పోలీసులు ఊరివాళ్ళే. చిన్నా పెద్దా కలిపి దేశం మొత్తం మీద సుమారు 18,000 పోలీసు శాఖలున్నాయి. పదిమంది ఉద్యోగులతో నడిచే ఊరి శాఖ ఒకవైపు, ముప్పై వేలకు పైగా పోలీసులున్న న్యూయార్క్ ఇంకొకవైపు. కౌంటీ షెరీఫునైతే చాలాచోట్ల జనమే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఊరి పోలీసు అధిపతిని మేయరో, సిటీ మేనేజరో నియమిస్తారు. అందుచేత ఒక ఊళ్ళో పోలీసులు ఎలా ఉంటారన్నది చాలావరకు ఆ ఊరివాళ్ళు ఎంత పట్టించుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఇల్లు కట్టుకుని, పన్నులు కట్టి, పిల్లలను పెంచి, ఒక్కసారి కూడా ఊరి పోలీసు అధిపతి పేరేమిటని మేము అడగలేదు. సిగ్గుపడవలసిన మాటే!

రాత్రి గస్తీ నుంచి నేటి దాకా

అసలు ఈ దేశంలో పోలీసు ఉద్యోగం కంటె పౌరుల గస్తీయే ముందు పుట్టింది. వలస రాజ్యాల కాలంలో బోస్టన్ వంటి పట్టణాలలో ఊరివాళ్ళే వంతుల వారీగా రాత్రి కావలి కాసేవారు. మన ఊళ్ళల్లో 'పారా హుషార్' అంటూ రోంద తిరిగినట్టే. జీతం తీసుకుని పనిచేసే పోలీసులు బోస్టన్, న్యూయార్క్ నగరాలలో 1830లలో, 40లలో వచ్చారు. ఇదే చరిత్రకు చీకటి పక్క ఒకటుంది. దక్షిణాది రాష్ట్రాలలో పౌరుల గస్తీ అంటే పారిపోయిన నల్ల బానిసలను వేటాడే దళాలు. పౌరులు కావలి కాయడమన్నది తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరిని కాపాడుతున్నాము, ఎవరి నుంచి అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఈ మాట మళ్ళీ వస్తుంది.

1964లో న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో కిటీ జెనోవీస్ అనే యువతిని ఆమె ఇంటి దగ్గరే పొడిచి చంపారు. ముప్పై ఎనిమిది మంది కిటికీలలోంచి చూస్తూ ఊరుకున్నారని పత్రికలు రాయగా దేశమంతా తల దించుకుంది. ఆ లెక్క సరికాదని, ఆ కథనంలో లోపాలున్నాయని ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది. కాని అప్పటికి ఆ కథ చేయవలసిన పని చేసేసింది. ఇరుగుపొరుగు పట్టించుకోవాలన్న ఆలోచన బలపడింది. 1968లో అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో మొదటి 911 ఫోను మోగింది. 1972లో దేశంలోని షెరీఫుల సంఘం నేబర్‌హుడ్ వాచ్‌ను దేశవ్యాప్తంగా మొదలుపెట్టింది. 1984 నుంచి ఆగస్టు మొదటి మంగళవారం సాయంత్రం నేషనల్ నైట్ అవుట్ జరుగుతోంది. వీధి దీపాలు వెలిగించి, ఇరుగుపొరుగు బయట కూర్చుని, పోలీసులతో కలిసి ఐస్‌క్రీం తినడం. ఎండలు మండే టెక్సస్‌లో దానిని అక్టోబరుకు జరుపుకున్నారు.

పౌరులకు పోలీసు పని నేర్పే బడి మాత్రం ఇంగ్లండులో పుట్టింది. 1977లో డెవన్, కార్న్‌వాల్ ప్రాంత పోలీసులు ఎక్సెటర్ పట్టణంలో రాత్రిబడి పెట్టారు. దానిని చూసి 1985లో ఫ్లోరిడాలోని ఓర్లాండో పోలీసులు ఈ దేశంలో మొదటి సిటిజెన్ పోలీస్ అకాడమీ తెరిచారు. తరువాత వందల ఊళ్ళు ఆ దారి పట్టాయి. 2001 సెప్టెంబరు ఘోరం తరువాత, 2002లో, పోలీసు శాఖలలో స్వచ్ఛంద సేవకులను ప్రోత్సహించడానికి ఫెడరల్ ప్రభుత్వమే ఒక జాతీయ పథకం పెట్టింది.

మేము చదివిన రాత్రిబడి

లైబ్రరీ సమావేశంలో లేచి నిలబడిన ఆవిడ, ఆవిడ వెంట మేము నలుగురం, ఊరి పోలీస్ అకాడమీలో చేరాము. దరఖాస్తు నింపాము, వేలిముద్రలు ఇచ్చాము, మా చరిత్ర తవ్వుకోమని సంతకం పెట్టాము. పది వారాలు, వారానికి ఒక సాయంత్రం, మూడు గంటలు. మాతో పాటు రిటైరైన బడిపంతులు, పోస్టుమాన్, ఇద్దరు కాలేజీ పిల్లలు, తన దుకాణం మూడుసార్లు దోచారని వచ్చిన గుజరాతీ మోటల్ యజమాని ఉన్నారు.

మొదటి రెండు వారాలు చట్టం. తలుపు తట్టి లోపలికి రావడానికి పోలీసుకు ఎప్పుడు హక్కుంది, ఎప్పుడు లేదు. కారు ఆపాలంటే ఏ కారణం ఉండాలి, పెట్టె తెరవాలంటే ఏ కారణం ఉండాలి. ఇవి మనకు తెలిసి ఉండవలసినవి, తెలియనివి. ఉదాహరణకు, వెనక దీపాలు మెరిస్తే కారు కుడి పక్కకు తీసి ఆపి, లోపలే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద పెట్టాలి. మన వాళ్ళు, ముఖ్యంగా కొత్తగా వచ్చినవారు, మర్యాద అనుకుని కారు దిగి పోలీసుకు ఎదురు వెళతారు. మన ఊళ్ళో అది వినయం. ఇక్కడ అది బెదిరింపులా కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క కోసమైనా మన పిల్లలందరినీ ఆ తరగతికి పంపవచ్చు.

నాలుగో వారం 911 గదిలో కూర్చోబెట్టారు. చీకటి గది, ఒక్కొక్కరి ముందు నాలుగైదు తెరలు. మేమున్న రెండు గంటలలో దొంగతనం ఒక్కటే. మిగిలినవన్నీ గుండెనొప్పి, మెట్ల మీంచి జారిపడ్డ ముసలాయన, తాళాలు కారులో మరిచిన తల్లి, భర్త కొడుతున్నాడని చెప్పలేక పిజ్జా కావాలన్నట్టు మాట్లాడిన ఒక గొంతు. ఆ చివరి ఫోను తీసుకున్న అమ్మాయి వయసు మా పెద్దమ్మాయి వయసు. ఆమె గొంతు ఒక్కసారైనా వణకలేదు.

ఏడో వారం మరిచిపోలేనిది. పెద్ద తెర మీద బొమ్మ ఆడుతూ ఉంటుంది, చేతిలో ఉత్తుత్తి పిస్తోలు ఉంటుంది. ఎదుటివాడు కదిలినప్పుడు కాల్చాలో మానాలో అర సెకనులో నిర్ణయించుకోవాలి. మాలో చీమకు కూడా హాని చేయని ఒకాయన, ప్రతి ఏకాదశికి ఉపవాసముండే మనిషి, ట్రిగ్గరు నొక్కేశారు. దీపాలు వెలిగాక చూస్తే తెర మీది మనిషి జేబులోంచి తీస్తున్నది పర్సు. ఆయన ఆ రాత్రి భోజనం చేయలేదని ఆయన భార్య మాకు తరువాత చెప్పారు. పోలీసు పని ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది. భయపడ్డ మనిషి చేతిలో ఆయుధం ఎంత ప్రమాదమో కూడా ఆ రాత్రే తెలిసింది. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటి పట్టుకుని రెండోది వదిలేసినా మేము నేర్చుకున్నది సగమే.

ఏం చేస్తున్నాము?

సినిమాలో చూసినట్టు దొంగల వెంట పరుగెత్తడం లేదు. మాకు తుపాకీ లేదు, బేడీలు లేవు, ఎవరినీ ఆపే అధికారం లేదు. మెరిసే పసుపు చొక్కా, ఒక టార్చిలైటు, ఒక రేడియో. సెలవులకు ఊరెళ్ళిన వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి తలుపులు, కిటికీలు చూసి వస్తాము. వికలాంగుల పార్కింగు చోట్లలో అనుమతి లేని కార్లను రాసుకుంటాము. పరేడు రోజున రోడ్డుకు అడ్డంగా నిలబడి దారి చూపిస్తాము. బడి పిల్లల గుర్తింపు కార్డులకు వేలిముద్రలు తీస్తాము. చంటిపిల్లల కారు సీటు సరిగా బిగించారో లేదో చూస్తాము. స్టేషనులో కాగితాలు సర్దుతాము. విసుగు పుట్టించే పనులే. కాని మేము చేసిన ప్రతి గంటా ఒక పోలీసు మరొక పనికి వెళ్ళగలిగిన గంట.

కొన్ని నగరాలలో ఇంతకు మించిన బాధ్యతలున్నాయి. న్యూయార్క్‌లో 1950ల పౌర రక్షణ ఏర్పాట్ల నుంచి వచ్చిన ఆగ్జిలరీ పోలీసులున్నారు. యూనిఫారం వేసుకుని గస్తీ తిరుగుతారు, జీతం లేదు, తుపాకీ లేదు. 2007 మార్చిలో గ్రెనిచ్ విలేజ్‌లో అటువంటి యువకులిద్దరు, ఒక హంతకుణ్ణి వెంబడిస్తూ, కాల్పులలో చనిపోయారు. సేవ అనే మాటకు అంత బరువు కూడా ఉంటుంది.

ఇక మనకు ప్రత్యేకంగా సంబంధించిన పని ఒకటుంది. అది భాష. 1982లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక పోలీసు ఉద్యోగి, ఒక మాజీ సైనికుడు కలిసి, వియత్నాం నుంచి వచ్చిన శరణార్థుల మాట పోలీసులకు అర్థం కావడం కోసం, ఫోనులో దుబాసీ పని చేసే స్వచ్ఛంద సేవకులను కూడగట్టారు. అదే తరువాత దేశమంతా ఆస్పత్రులకు, 911 గదులకు ఫోను మీద అనువాదం చేసే పెద్ద సంస్థ అయింది. ఆ కథ విన్న మరునాడే మేము తెలుగు, హిందీ, తమిళం వచ్చిన పన్నెండు మంది పేర్లు, ఫోను నంబర్లు రాసి స్టేషనుకు ఇచ్చి వచ్చాము.

ఎనిమిది నెలలు ఎవరూ పిలవలేదు. తొమ్మిదో నెలలో, జనవరి రాత్రి పదకొండున్నరకు మాలో ఒకరి ఫోను మోగింది. పక్క ఊరి పెట్రోలు బంకులో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు మామూలు చెప్పులు. బయట మంచు. ఏ ప్రశ్న వేసినా తల అడ్డంగా ఊపుతోంది, యూనిఫారం చూసి వణుకుతోంది. ఏ భాషో తెలియక పోలీసు మా జాబితా తీశాడు. మావారు ఫోను చెవిన పెట్టుకుని, "అమ్మా, నమస్కారమండీ" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "మీదే ఊరు నాయనా?" అని వినిపించింది. "తెనాలి అండీ." "మాది గుడివాడ" అని చెప్పి, ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది.

ఇంట్లో కోడలితో మాట పట్టింపు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోపంలో తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం సందులు, తిరిగి ఏ ఇంటికి వెళ్ళాలో తెలియలేదు. కొడుకు ఫోను నంబరు ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి ఉంది, తలలో లేదు. కొడుకు పేరు, పనిచేసే ఆస్పత్రి పేరు మాత్రం చెప్పగలిగింది. అవి చాలినాయి. పావుగంటలో మనిషి దొరికాడు. అరగంటలో ఆవిడ ఇంట్లో ఉంది. ఆ పోలీసు తన కోటు తీసి ఆవిడకు కప్పాడట. కారు దిగేటప్పుడు ఆవిడ అతని తల నిమిరి ఏదో అన్నదట. దానికి అర్థమేమిటని అతను మరునాడు అడిగాడు. "నూరేళ్ళు బతుకు నాయనా" అని మేము చెప్పాము.

మరి జాహ్నవి సంగతి?

ఇంతవరకు చదివి, ఇదంతా పోలీసు భజన అనుకుంటున్నవారు ఉంటారు. మా సంఘంలోనూ ఉన్నారు. మేము ఈ పని మొదలుపెట్టామనగానే ఒక కుర్రవాడు, ఇంకా చదువుకుంటున్నవాడు, లేచి ఒకే ప్రశ్న వేశాడు. "మరి జాహ్నవి సంగతేమిటండీ?"

చదువరులకు గుర్తుండే ఉంటుంది. జాహ్నవి కందుల, కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి, వయసు 23. సియాటిల్‌లో ఎం.ఎస్. చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి నడిచేవారికి గీసిన గీతల మీద రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళు మించకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ దాకా వెళ్ళింది. అంతకంటె బాధ కలిగించినది తరువాతి సంగతి. మరొక పోలీసు ఫోనులో ఆ చావు గురించి నవ్వుతూ, ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడడం అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. ఆ ఏడు సెప్టెంబరులో అది బయటపడింది. కారు నడిపినవాడి మీద నేరం మోపడానికి తగిన ఆధారం లేదని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్లు తేల్చారు. నవ్వినవాడిని 2024 జూలైలో, కారు నడిపినవాడిని 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు.

ఇంకొక పేరు సురేశ్‌భాయ్ పటేల్. 2015 ఫిబ్రవరిలో మనవణ్ణి చూసుకోవడానికి అలబామాలోని మాడిసన్ అనే ఊరికి కొడుకింటికి వచ్చాడు. పొద్దున్నే వీధిలో నడుస్తుంటే, ఎవరో అనుమానాస్పద వ్యక్తి ఇళ్ళను చూస్తూ తిరుగుతున్నాడని ఒక ఇరుగువారు పోలీసులకు ఫోను చేశారు. ఇంగ్లీషు రాని ఆ పెద్దమనిషిని పోలీసు నేలకు పడవేస్తే మెడ దెబ్బతిని శరీరం పాక్షికంగా చచ్చుబడింది. ఫెడరల్ కోర్టులో రెండుసార్లు జ్యూరీ ఒక మాటకు రాలేదు. చివరికి జడ్జి ఆ పోలీసును నిర్దోషిగా వదిలేశారు.

ఈ రెండో సంగతిలో ఆ ఫోను చేసినది ఎవరు? మనలాగే వీధి మంచి కోరే ఒక ఇరుగువారు. 2012లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ నల్ల కుర్రవాణ్ణి కాల్చి చంపినది ఎవరు? నేబర్‌హుడ్ వాచ్ కార్యకర్త. వెంబడించనక్కరలేదని డిస్పాచరు అతనికి చెప్పాడు. జ్యూరీ అతణ్ణి వదిలేసింది, అది వేరే మాట. 2015లో ఓక్లహోమాలోని టల్సాలో డెబ్భై మూడేళ్ళ స్వచ్ఛంద డిప్యూటీ ఒకడు, టేజరు అనుకుని పిస్తోలు పేల్చి ఎరిక్ హారిస్ అనే మనిషిని చంపాడు. జైలుకు వెళ్ళాడు. అతనూ సేవ చేయడానికి వచ్చినవాడే.

మేము మాత్రం తక్కువ తిన్నామా? రెండో ఏడు వేసవిలో మా జట్టులో ఒకరు, ఎవరో నల్లజాతి మనిషి సంచి పట్టుకుని సందులో అటూ ఇటూ తిరుగుతున్నాడని స్టేషనుకు ఫోను చేశారు. పోలీసు వచ్చాడు, అడిగాడు, అదృష్టవశాత్తు నెమ్మదిగానే అడిగాడు. తీరా చూస్తే అతను రెండు సందుల అవతల ఇరవై రెండేళ్ళుగా కాపురముంటున్నాడు. సంచిలో ఉన్నది తప్పిపోయిన పిల్లి కోసం తెచ్చిన తిండి. మాలో ఎవరమూ ఆ ఊరికి రాకముందు నుంచి ఉన్న మనిషిని మేము పరాయివాడన్నాము. మరునాడు ముగ్గురం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన తలుపు దగ్గరే నిలబడి విన్నాడు, లోపలికి రమ్మనలేదు. రమ్మనవలసిన అవసరం ఆయనకు లేదు కూడా.

ఆ రోజు నుంచి మా జట్టుకు ఒక నియమం పెట్టుకున్నాము. ఫోను చేసే ముందు, ఆ మనిషి ఏం చేస్తున్నాడో చెప్పగలగాలి. ఎలా ఉన్నాడో చెప్పడం చాలదు. తలుపు పగలగొడుతున్నాడా, కారు అద్దం పగలగొడుతున్నాడా, సరే. నడుస్తున్నాడా, నడవనివ్వండి. సురేశ్‌భాయ్ కూడా నడుస్తూనే ఉన్నాడు.

ఆ కుర్రవాడి ప్రశ్నకు మేము చెప్పిన జవాబు ఇదీ. జాహ్నవి కోసం ప్రశ్నించడం, ఊరి పోలీసులకు సాయపడడం ఒకదానికొకటి అడ్డం కాదు. సియాటిల్‌లో ఆ నవ్వు గురించి గట్టిగా నిలదీసిన వాటిలో కమ్యూనిటీ పోలీస్ కమిషన్ ఒకటి. అందులో కూర్చునేది ఊరి పౌరులే. చాలా నగరాలలో పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదులు చూడడానికి పౌరుల బోర్డులున్నాయి. వాటిలో చోటు ఖాళీగా ఉందని ప్రకటనలు వేస్తారు, మన వాళ్ళు దరఖాస్తు పెట్టరు. పసుపు చొక్కా వేసుకోవడం ఎంత సేవో, ఆ బోర్డులో కూర్చుని అడగవలసినది అడగడం అంతే సేవ. ఆ మాట విని కుర్రవాడు పెదవి విరిచాడు. కాని వచ్చే బడికి దరఖాస్తు కాగితం పట్టుకెళ్ళాడు. ప్రశ్నలు అడగడానికే వస్తానన్నాడు. అందుకే రమ్మన్నాము.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను జాతిద్వేషంతో కాల్చి చంపినప్పుడు అడ్డుపడి తూటా తిన్నవాడు ఇయాన్ గ్రిలట్. పోలీసు కాడు, చుట్టం కాడు, ఆ హోటలుకు వచ్చిన మామూలు మనిషి. అతని చేత ఎవరూ దరఖాస్తు నింపించలేదు. ఎదుటివాణ్ణి తనవాడనుకున్నాడు, అంతే. కావలి అన్న మాటకు అసలు అర్థం అక్కడుందని మాకు అనిపిస్తుంది.

చేరదలచినవారికి

మీ ఊరి పోలీసు శాఖకు ఫోను చేసి సిటిజెన్ పోలీస్ అకాడమీ ఉందా అని అడగండి. 911కు మాత్రం కాదు, మామూలు నంబరుకు. నియమాలు ఊరిని బట్టి మారతాయి. కొన్నిచోట్ల పౌరసత్వం అడుగుతారు, కొన్నిచోట్ల ఊళ్ళో నివాసముంటే చాలు. వీసా మీద ఉన్నవారు ముందుగా తెలుసుకుని చేరడం మంచిది. మీకు తెలుగు వచ్చునని తప్పక చెప్పండి. అది ఇక్కడ పనికిరాని విద్య అనుకోకండి.

చేరనివారు కూడా రెండు పనులు చేయవచ్చు. మన దేశం నుంచి వచ్చిన తల్లిదండ్రుల జేబులో ఇంటి చిరునామా, మీ ఫోను నంబరు, తనకు ఇంగ్లీషు రాదన్న ఒక వాక్యం ఇంగ్లీషులో రాసిన కార్డు పెట్టండి. వాళ్ళు నడకకు వెళ్ళే వేళకు నాలుగు గడపలు తీసుకెళ్ళి ఇరుగుపొరుగుకు పరిచయం చేయండి. రెండోది, పండుగకు ఊరంతా ఒకచోట చేరినప్పుడు ఇళ్ళన్నీ ఖాళీ అని లోకానికి చాటకండి. మా కార్యక్రమాల ప్రకటనలలో మేమూ ఆ తప్పు దిద్దుకున్నాము.

కాసులపేరు దొరికిందా అని అడుగుతారేమో. దొరకలేదు. అది పోయిన ఇంటావిడే ఆ రోజు లైబ్రరీలో వెనక వరుసలోంచి లేచి నిలబడిన ఆవిడ. ప్రతి శనివారం సాయంత్రం పసుపు చొక్కా వేసుకుని, ఊరెళ్ళిన వాళ్ళ తలుపులు లాగి చూసి వస్తున్నారు. మీ ఊళ్ళో ఇటువంటి ప్రయత్నం ఏదైనా జరిగితే, మంచి అయినా చెడు అయినా, మాకు రాసి పంపండి. వచ్చే సంచికలలో వేస్తాము.